నడిమి పట్టీ

పోయిన వారం హిమశ్రీని మనం ఉన్ రోడ్డులో, లక్ష్మీరాజం షెడ్డు గేటు ముందు, స్కూటర్ దిగీ దిగకుండా వదిలేసి వచ్చాం. అలా వదిలేయడం నాకూ సుఖంగా లేదు. ఏం చేస్తాను, పత్రిక వాళ్లు నాకిచ్చిన పేజీలు అక్కడికి అయిపోయాయి. ఈ వారం ఆ గేటు తీసుకుని లోపలికి వెళ్దాం. మొదట్నుంచీ చదవని వాళ్లు కూడా ఒకరిద్దరు వెంట వస్తున్నట్టున్నారు గనక, నడుస్తూనే వాళ్లకు నాలుగు మాటలు చెబుతాను.

అడాజన్‌లో బీఆర్‌టీఎస్ బస్టాపుకు ఎదురుగా ఉన్న సర్కిల్లో ఒక పెద్ద ఉక్కు శిల్పం సగంలో ఆగిపోయి ఉంది. అది మనిషి బొమ్మ కాదు, దేవుడి బొమ్మ కాదు, గుర్రమూ కాదు. నేల మీద అడ్డంగా పడుకున్న ఒక లావాటి ఉక్కు గొట్టంలోంచి వెడల్పాటి స్టెయిన్‌లెస్ పట్టీలు లేచి, ఒకదాన్నొకటి తాకకుండా మెలితిరిగి, చుట్టుపక్కల మేడలతో సమంగా పైకి వెళతాయి. వాటి నడుమ ఉన్న పట్టీ ఇంకా పైకి వెళ్లి, అక్కడ వంగి, కింద నిలబడ్డ వాళ్ల వైపు చూడాలి. శిల్పమంతా ఆ ఒక్క పట్టీ కోసమే. అదేమో నడుం దాకా లేచి తెగిపోయి ఉంది. పై సగం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఈ శిల్పం హిమశ్రీది. తాపీ నదిని మనసులో పెట్టుకుని గీశానని ఆమె చెప్పుకుంటుంది. అడాజన్ జనానికి నది గిది ఏమీ కనపడలేదు. ఆదివారం పొద్దున వాళ్లు పచ్చిమిరపకాయ నంజుకుని తినే ఫాఫడా, అంటే శనగపిండి పట్టీలు కనపడ్డాయి. దాంతో అది ఫాఫడా సర్కిల్ అయిపోయింది. ఆటో వాళ్లు కూడా ఆ పేరు చెబితేనే వస్తారు. హిమశ్రీకి మొదట్లో ఏడుపొచ్చింది. వాళ్ల నాన్న డాక్టర్ చలపతి మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు. "తినే వస్తువు పేరు పెట్టారంటే నీ బొమ్మను ఇంట్లోకి రానిచ్చారనేనే" అన్నాడు. ఆయన గుండె డాక్టరు. ఆయనకు అందులో ఎప్పుడూ ఈసీజీ గీతే కనపడేది.

ఆ చలపతి ఈ ఏడు ఏప్రిల్లో, కరోనా రెండోసారి వచ్చి ఊరిని ఊడ్చుకుపోయినప్పుడు, పనిచేసే ఆసుపత్రిలోనే పడకెక్కి మరి లేవలేదు. హిమశ్రీ అప్పుడు వడోదరాలో, అద్దె గదిలో, తనూ అదే జ్వరంతో తలుపు వేసుకుని ఉంది. తల్లి ఉషాదేవి అడాజన్ ఫ్లాట్‌లో అదే జబ్బుతో మంచాన ఉంది. ఇంటి మనిషి ఒక్కరు కూడా వెంట వెళ్లలేదు. ఎవరో సేవాసంఘం కుర్రాళ్లు తీసుకెళ్లారు, ఎవరో నిప్పు పెట్టారు. ఆ తర్వాత ఒక మట్టికుండ, మూతికి ఎర్రగుడ్డ కట్టి, ఫ్లాట్ గుమ్మం ముందు పెట్టి వెళ్లారు.

ఉషాదేవి ఆ తర్వాత కోలుకుంది. వంట చేసుకుంటుంది, మొక్కలకు నీళ్లు పోస్తుంది, బ్యాంకు పనులు చక్కబెట్టుకుంటుంది. కానీ ఇంటికి వచ్చిన ప్రతివాళ్లనీ ఒకటే అడుగుతుంది. "ఆయన్ని దేని మీద పడుకోబెట్టారో ఎవరైనా చూశారా?" చలపతిది పాతికేళ్ల నాటి నడుంనొప్పి. పరుపు మీద పడుకుంటే తెల్లారి లేవలేడు. బంధువుల ఇళ్లకు పెళ్లిళ్లకు వెళ్లినా కారు డిక్కీలో ఒక చెక్కపలక వేసుకుని వెళ్లే మనిషి. ఎగుడుదిగుడుగా ఉన్నదాని మీద ఒక్క పూట ఒరిగినా వారం రోజులు మూలుగుతాడు. అటువంటి మనిషిని ఆఖరికి దేని మీద పడుకోబెట్టారు? పాలవాణ్ని అడిగింది, లిఫ్ట్ బాగుచేయడానికి వచ్చిన వాణ్ని అడిగింది. పాపం వాళ్లేం చెబుతారు. తల దించుకుని వెళ్లిపోయేవాళ్లు.

హిమశ్రీ దగ్గర కూడా జవాబు లేదు. ఆమె దగ్గర ఉన్నది వేరే దిగులు. జ్వరంలో ఉండగా నాన్న చేసిన ఆఖరి ఫోను ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. "నీ వస్తువు ఒకటి వేరే వాళ్లకు ఇచ్చేశానే. తిడతావా?" అన్నాడు. "ఇచ్చేయండి నాన్నా, నిద్రొస్తోంది" అని ఈమె పెట్టేసింది. ఇంటికి వచ్చాక ఏమిచ్చాడా అని బీరువాలన్నీ వెదికింది. చలికోటు ఉంది, సైకిల్ ఉంది, పాత లాప్‌టాప్ కూడా ఉంది. పోయిన వస్తువంటూ ఇంట్లో ఏదీ కనపడలేదు.

ఇక మన లక్ష్మీరాజం. సిరిసిల్ల నుంచి చిన్నప్పుడే తండ్రి వెంట వచ్చి, ఖాతా అని పిలిచే మరమగ్గాల షెడ్డులో సాంచాలు, అంటే మగ్గాలు, నడిపి, తర్వాత వాటిని బాగుచేస్తూ వెల్డింగు నేర్చి, ఇప్పుడు సొంతంగా షెడ్డు పెట్టుకున్న మనిషి. ఈ శిల్పం కోసిందీ అతికిందీ ఆయనే. వానల ముందు నుంచీ ఆ పై సగం గురించి హిమశ్రీకి రోజుకో కథ చెబుతూ వచ్చాడు. వంపు తిప్పే రోలింగుకు పోయిందన్నాడు, ఆ పని చేసే కారిగర్ ఊరికి పోయాడన్నాడు, ఊరవతల సచిన్‌లో పాలిష్ అవుతోందన్నాడు. అవతల సర్కిల్ ఖర్చు పెట్టుకున్న వ్యాపారుల సంఘం వాళ్లు దసరా దాకా చూస్తామని, ఆపైన ఇదంతా పీకేసి ఫౌంటెన్ పెట్టి, చుట్టూ ఫైబర్ డాల్ఫిన్లు నిలబెడతామని అంటున్నారు. దసరా వచ్చి నెత్తిన కూర్చుంది. పోయిన వారం హిమశ్రీ సచిన్ వెళ్లి చూస్తే, ఆ పాలిష్ దుకాణం వాళ్లు అలాంటి పట్టీని కళ్ల చూడలేదన్నారు. అక్కణ్నుంచి తిన్నగా ఇక్కడికి వచ్చింది. ఇదీ సంగతి. ఇప్పుడు గేటు తీద్దాం.

గేటు పక్కన బయట, తిరగేసిన రంగుడబ్బా మీద లక్ష్మీరాజం భార్య ఐలమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో అన్నం టిఫిను మూట. లోపల మొగుడు పని చేస్తుంటే ఈమె ఎండలో బయట కూర్చోవడం హిమశ్రీకి ఇంతకు ముందు కూడా కనపడింది గాని, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

"ఏంది బిడ్డా, మొకం గట్లున్నది?" అంది ఐలమ్మ.

"కాకా ఉన్నాడా కాకీ?"

"ఉన్నడు. యాడికి పోతడు."

లోపల లక్ష్మీరాజం ఎవరిదో కిటికీ జాలీకి గ్రైండర్ పడుతున్నాడు. హిమశ్రీని చూసి ఆపాడు. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది, దాన్ని పైకి లాక్కున్నాడు. మొహం దాచుకోవడానికి ఈ రోజుల్లో అందరికీ ఒక గుడ్డ దొరికింది గదా.

"సచిన్ నుంచి వస్తున్నాను కాకా."

"గంత దూరం ఎందుకు పోయినవ్ బిడ్డా ఎండల."

"పాలిష్ ఎంతవరకు వచ్చిందో చూద్దామని వెళ్లాను. వాళ్లకు మీరు అసలు ఇవ్వనే లేదట."

"జర కూసో. నీళ్లు తాగు."

"కూర్చోను. రోలింగన్నారు, నమ్మాను. కారిగర్ ఊరికి పోయాడన్నారు, అదీ నమ్మాను. నాలుగు నెలలుగా మీరేం చెబితే అది తలూపుకుంటూ పోతున్నాను. మా నాన్న పోయాక నాకు మిగిలింది ఈ ఒక్క పని. ఇది నిలబడితే నేనూ నిలబడతాను, లేకపోతే లేదు. నిజం చెప్పండి. దాన్ని అమ్మేశారా?"

లక్ష్మీరాజం చేతిలోని గ్రైండర్‌ను నేల మీద పెట్టి, తీగను చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు. అరవై దాటిన మనిషి. ఆ మాట అనిపించుకోవడానికి కాదు ఆయన ఇన్నాళ్లూ నోరు మూసుకున్నది. హిమశ్రీకి కూడా అన్న వెంటనే నాలిక కొరుక్కోవాలనిపించింది. కానీ కోపం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోవడం ఎవరి వల్ల అవుతుంది.

గేటు అవతలి నుంచి ఐలమ్మ అంది. "అమ్ముకున్నా మంచిగుండు బిడ్డా. ఇంట్ల ఇంత లొల్లి లేకుండు." తర్వాత గొంతు పెంచి మొగుడితో అంది. "ఇంకెన్ని దినాలు దాస్తవ్? ఆమె ఆస్తి. ఆమెకు సూపియ్యి."

"నువ్వు ఊకో."

"నేను ఊకున్నందుకే గిట్లయింది."

లక్ష్మీరాజం రమ్మన్నట్టు తలూపి, షెడ్డు వెనక్కి నడిచాడు. అక్కడ గోడవారన నీలం టార్పాలిను కప్పి, మీద ఇటుకలు పెట్టి ఉంది. ఇటుకలు ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చాడు. అంత నిదానంగా ఎందుకు తీస్తున్నాడా అని హిమశ్రీకి విసుగు కూడా వచ్చింది. టార్పాలిను లాగాడు.

ముందు ఆమెకు అదేమిటో తెలియలేదు. నల్లగా, కొన్నిచోట్ల నీలంగా, కొన్నిచోట్ల తుప్పు కాని గోధుమరంగుతో, వంకర్లు తిరిగిన ఉక్కు ముక్కలు. నడుమ కుంగిపోయి ఉన్నాయి. చివర్లు సూటిగా లేవు, చేత్తో గ్రైండర్ పట్టి కోసిన గీతలు. ఒక ముక్క మీద ఆమె చూపు ఆగింది. పట్టీలు నిలబెట్టేటప్పుడు ఏది పై వైపో పనివాళ్లు తికమక పడకూడదని, ప్రతి పట్టీ లోపలి వైపు ఆమె తన చేత్తో ఒక బాణం గుర్తు చెక్కింది. ఆ గుర్తు అక్కడ ఉంది. దాని రంగు మారింది గాని, ఆమె చేతి వంకర మారలేదు.

"ఏం చేశారు దీన్ని?" అంది. "ఏ మంటలో పెట్టారు? ఇంత మందం పట్టీ ఇలా కుంగాలంటే ఎంతసేపు కాలాలి? ఇలా ముక్కలు ఎవరు చేశారు?"

"నేనే కోసిన."

"ఎందుకు?"

లక్ష్మీరాజం ఒక స్టూలు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఈసారి ఆమె కూర్చుంది.

"ఏప్రిల్ల ఎట్లుండెనో నీకు ఎర్కలేదు బిడ్డా, నువ్వు ఈడ లేవు" అన్నాడు. "తాపీ ఒడ్డున శ్మశానంల గ్యాస్ భట్టీలు పగలు రాత్రి ఆగకుండ నడిసినయి. లోపట మనిషిని పండవెట్టే ఇనుప మంచాలు ఉంటయి సూడు, అవి కరిగి కిందికి దిగినయి. ఇనుము సుత ఓర్సుకోలేదు. అంతకుముందు నేనే ఆడ గేట్లు కట్టిన గనక నాకు ఫోన్ కొట్టిండ్రు. వచ్చి జర ఏదన్న అతుకు అన్నరు. దేనితోని అతకాలె? బజార్ల షట్టర్లు బంద్. రేకు లేదు, పట్టీ లేదు. గ్యాస్ కటింగ్ చేద్దమంటె ఆక్సిజన్ సిలిండర్లు లేవు, ఉన్నయన్ని దవాఖాన్లకు పోతున్నయి."

హిమశ్రీ చెయ్యి చాచి ఆ బాణం గుర్తును తడిమింది.

"నేను గా ఫోన్‌ల మాట్లాడుతుంటెనే మీ నాయన వచ్చిండు. సిలిండర్ల కోసం షెడ్డు షెడ్డు తిరుగుతున్నడు. నా దగ్గర ఒక్కటి నిండుది ఉండె. తీస్కపోండి సాబ్ అన్న. నా ఫోన్ మాటలన్ని ఆయన ఇన్నడు. ఫోన్ పెట్టినంక ఆ గోడకు సూసిండు. నీ పట్టీ అప్పుడే వంచి తెచ్చి నిలవెట్టినం, తళతళ మెరుస్తున్నది. దగ్గరికి పోయి చెయ్యి పెట్టి సూసిండు. ఇది ఇచ్చెయ్ రాజం అన్నడు."

"నాన్నా?"

"అది మన అమ్మాయిది సాబ్, రెండేండ్ల సంది దాని కోసమే ఉన్నది అన్న. నాకు తెలుసు, దానితో నేను మాట్లాడతాను అన్నడు. నేను ఊకున్న. మల్ల ఆయన్నే అన్నడు. సిలిండర్ బతికే వాళ్లకి, ఇది పోయే వాళ్లకి, రెండూ నీ షెడ్డు నుంచే పోతున్నాయి రాజం, ఏమీ అనుకోకు అన్నడు. పోయెటోల్లను కింద ఎట్ల వెడతరు బిడ్డా. ఆయన పోయినంక కోసిన. గ్యాస్ లేకపాయె, చేతి గ్రైండర్‌తోనే కోసిన. గందుకే గిట్ల వంకర."

హిమశ్రీకి ఆపైన ఏదీ వినపడలేదు. బీరువాలన్నీ తీసి వెదికిన రోజులు గుర్తొచ్చాయి. ఇంట్లో లేని వస్తువు కోసం ఇల్లంతా వెదికింది. నాన్న అడిగాడు. తిడతావా అని అడిగాడు. లక్ష్మీరాజానికి మాట ఇచ్చినట్టే అడిగాడు, తనూ ఇచ్చేయమంది. ఏమిటని ఒక్కసారి అడిగి ఉంటే, ఇంకో రెండు నిమిషాలు ఆయన గొంతు వినేది గదా. ఆ రెండు నిమిషాల కోసం ఆమెకు ఇప్పుడు ఏడుపు వచ్చింది. శిల్పం కోసం కాదు.

"నాకు చెప్పాడు కాకా" అంది చివరికి. "నేనే ఇచ్చేయమన్నాను."

లక్ష్మీరాజం కళ్లు తుడుచుకున్నాడు. ఇంతటితో అయిపోతుందని ఆయన ఆశపడ్డాడేమో. టార్పాలిను మళ్లీ కప్పడానికి వంగాడు.

"గది సుత చెప్పు" అంది ఐలమ్మ బయటి నుంచి. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు.

"ఏది?" అంది హిమశ్రీ.

ఆయన టార్పాలిను వదిలేసి కూర్చున్నాడు. కూర్చున్నది నేల మీద, ఆ ముక్కల పక్కన.

"పట్టీలు వేసినంక సుత నేను రోజు ఆడికి పోతుంటి. ఏదో ఒకటి ఊడేది, కుంగేది. ఒకనాడు పగటీలి శవాల బండి వచ్చింది. సంచుల మీద పేర్లు గుజరాతీల రాసి ఉన్నయి. సేవాసంఘం పిల్లలు పేర్లు పిలిచి దించుతున్నరు. డాక్టర్ చలపతి అన్నరు. నేను వేరేటాయనేమో అనుకున్న. దగ్గరికి పోయిన. అంత పొడుగు మనిషి ఇంకెవరుంటరు."

హిమశ్రీ స్టూలును ఆయన దగ్గరికి జరుపుకుంది.

"వెంట ఎవ్వరు లేరు. మీద బట్ట లేదు, ప్లాస్టిక్ సంచే. బిడ్డా, మా ఇండ్లల్ల ఒకటున్నది. నేసెటోడు పోతె వాని మీద పరాయి బట్ట కప్పనియ్యరు. సాంచ మీద సగం నేసింది ఉంటె గదే కోసి కప్పుతరు. మా నాయన పోయినప్పుడు సేట్‌ను బతిలాడి ఖాతాలకెల్లి కోసుకొచ్చిన. మనిషి ఇంటి పని మనిషి వెంట పోవాలె అని మా తాత అనెటోడు. మీ నాయనకు నేనేం కప్పాలె? సంచి ఇప్పనియ్యరు. మీద ఎట్లాగు లేదు, కింద అన్న ఉండనియ్యి అనుకున్న. నీ పట్టీలు వేసిన భట్టీల అప్పటికి ఇంకొకరున్నరు. పిల్లలు వేరే దాంట్ల పెడతమన్నరు. వద్దన్న. అది ఖాళీ అయ్యేదాక ఆయన పక్కనే కూసున్న. నా సొంత మనిషి అని చెప్పిన."

షెడ్డు బయట రోడ్డు మీద ఒక టెంపో వెళ్లింది. దాని వెనక ఇంకోటి వెళ్లింది.

హిమశ్రీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట విని లక్ష్మీరాజం తెల్లబోయాడు. "అప్పటికే ఇలా కుంగిపోయి ఉందా?" అని అడిగింది. "ఎగుడుదిగుడుగా ఉందా? ఆయనకు నడుం నొప్పి కాకా."

"లేదు బిడ్డా" అన్నాడు ఆయన. "అప్పటికి కొత్తగనే ఉండె. సాఫ్‌గ, వంపు లేని కాడ కోసింది, పలక లెక్క ఉండె. గట్టిగ ఉండె. కుంగింది తర్వాత."

గట్టిగా ఉంది. సమంగా ఉంది. హిమశ్రీ ఆ మాటలు రెండుసార్లు లోపల అనుకుంది. తర్వాత ముందుకు ఒరిగి, ఆ నల్లటి ముక్క మీద నుదురు ఆనించి, ఇన్ని నెలల్లో ఒక్కసారీ ఏడవనంతగా ఏడ్చింది. వడోదరా గదిలో గోడలకు వినపడకుండా ఏడ్చింది వేరు, తల్లి ముందు మింగుకున్నది వేరు. ఇక్కడ ఆమెను ఆపే వాళ్లెవరూ లేరు. లక్ష్మీరాజం, ఆడపిల్ల భుజం మీద చెయ్యి వేయాలో వద్దో తెలియక చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

గేటు చప్పుడైంది. వానాకాలం మొదట్లో ఈ ముక్కలు షెడ్డులోకి వచ్చిన నాటి నుంచి గడప దాటని ఐలమ్మ లోపలికి వచ్చింది. తిన్నగా నడిచి వచ్చి, హిమశ్రీ తలను ఆ ఉక్కు మీద నుంచి ఎత్తి తన కడుపుకు ఆనించుకుంది.

"ఏడువు బిడ్డా, ఏడువు. ఇంటికి పోయి తానం చేస్త తియ్, నాకేమైతది" అంది. తర్వాత మొగుడి వైపు చూసి అంది. "అయినా గానికి, శ్మశానంలకెల్లి వస్తువు తిరిగి తెస్తరా ఎవరన్న? షెడ్డుల పనోడు సోమలింగం ఉన్న పని ఇడిసిపెట్టి నవాగామ్ పోయి కూసున్నడు. కొడుకు శివకృష్ణ ఈ దిక్కు వస్తనే లేడు. పాపా, వో సబ్ ఫేంక్ దో, అదంత పారెయ్యి నాయనా అని ఫోన్‌ల మొత్తుకుంటున్నడు. ఈయన ఇంటడా?"

"కొత్త మంచాలు వచ్చినంక ఇయ్యన్ని బయట కుప్ప పోసిండ్రు" అన్నాడు లక్ష్మీరాజం, భార్యకు కాదు, హిమశ్రీకి. "తుక్కు బండి వచ్చి నిలవడ్డది. నా చేతులు ఆగలేదు బిడ్డా. మగ్గం మీది బీముకు చుట్టిన నూలు అయిపోతె మేము పాత పోగులు గుంజి పారెయ్యం. కొసలు ఉంచుతం. కొత్త పడుగు తెచ్చి గా కొసలకే అతుకుతం. అట్ల అలవాటైన చెయ్యి ఇది. ఎట్ల పారేస్త?"

"పడుగు వేరు, పాడె వేరు" అంది ఐలమ్మ.

"తెలుసు. తప్పే చేసిన. ఇంటికి తేవద్దు, తెచ్చిన. నీకు చెప్పాలె, చెప్పలేదు. కొత్త పట్టీ దొరుకుతదేమో, అది అతికి నీకు చూపిస్త, ఇది నీ కంట పడనియ్యను అనుకున్న. అంత మందంది యాడ దొరకలేదు."

హిమశ్రీ ఐలమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ ముక్కలను ఒక్కొక్కటే చూసింది. వంగినవి, కుంగినవి, రంగులు తిరిగినవి. ఆమె గీసిన వంపు కాదు అది. కానీ వంపే.

"దీన్నే పెడదాం కాకా" అంది. "ఇలాగే. రుద్దొద్దు, పాలిష్ వద్దు. ఏ ముక్క ఎలా ఉందో అలాగే అతుకుదాం."

"పెట్టుమంటె పెడత" అన్నాడు లక్ష్మీరాజం. అన్నాడే గాని లేవలేదు. "కాని ఒకటి ఆలోచన చెయ్యి. దీని మీద పండింది ఒక్క డాక్టర్ సాబ్ గాదు. ఎంతమందో. అందులో అడాజన్‌ల ఉండెటోల్ల అమ్మలు ఉంటరు, నాయనలు ఉంటరు, పిల్లలు సుత ఉన్నరు, నేను సూసిన. రేపు పిల్లగాండ్లను స్కూటర్ మీద ఎక్కిచ్చుకొని గా సర్కిల్ సుట్టు తిరుగుతరు. ఫోటోలు దిగుతరు. చెప్పకుంట పెడతవా? చెప్పినంక పెట్టనిస్తరా?"

హిమశ్రీకి ఫాఫడా సర్కిల్ అని నవ్వుకునే జనం గుర్తొచ్చారు. వాళ్ల నవ్వు మీద ఈ సంగతి మోపడానికి తనెవరు? చెప్పకుండా మోపితే అది ఇంకా ఏమిటి? పెట్టకపోతేనా, దసరా దాటితే ఆ చోటులో డాల్ఫిన్లు నిలబడతాయి. అప్పుడు నాన్న పడుకున్నది కూడా తుక్కు బండిలో పోతుంది.

"ఊరిని తర్వాత అడుగుదురు గాని" అంది ఐలమ్మ. "ముందుగాల మీ అమ్మను అడుగు బిడ్డా. ఆమె మనిషి. ఆమె వద్దంటె ఈ ముచ్చట ఈడికే బంద్."

తాపీ మీది వంతెన దాటాల్సి వస్తుందని ఇన్ని నెలలుగా చౌక్ బజారు వైపు కూడా వెళ్లని మనిషి అమ్మ. ఆ ఒడ్డు మాట ఎత్తితే లేచి లోపలికి వెళ్లిపోతుంది. అయినా రోజూ ఆ ఒక్క ప్రశ్న అడుగుతుంది. ప్రశ్నకు జవాబు లేనన్నాళ్లూ ఒక దిగులు. జవాబు దొరికాక ఆమె ఏమవుతుంది? తట్టుకుంటుందా? ఈ నల్లటి ముక్కను చూస్తుందా?

తలుచుకున్నట్టే హిమశ్రీ బ్యాగులో ఫోను మోగింది. ఉషాదేవి.

"హిమా, అన్నం టైము దాటిపోయింది, ఎక్కడున్నావే?"

"లక్ష్మీరాజం కాకా షెడ్డులో ఉన్నానమ్మా."

"ఏమంటాడు ఆయన? దొరికిందా నీ ముక్క?"

హిమశ్రీ లక్ష్మీరాజాన్ని చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఐలమ్మ చెయ్యి ఆమె వీపు మీదే ఉంది.

"దొరికిందమ్మా."

"పోనీలే తల్లీ" అంది ఉషాదేవి. ఏప్రిల్ తర్వాత ఆ గొంతులో సంతోషం వినపడడం హిమశ్రీకి అదే మొదటిసారి. "మీ నాన్నకి దాని మీద ఎంత ధ్యాసో. అది పైకెక్కిన రోజున నన్ను ఆ బస్టాపులో కుర్చీ వేసి కూర్చోబెడతానన్నారు. నేను వస్తానే. ఆ రోజు మాత్రం వస్తాను. అవునూ, అంత పెద్ద వస్తువు, ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టాడట ఆయన?"

హిమశ్రీ వేలు ఆ బాణం గుర్తు మీద ఉంది. పై వైపు ఏదో చెప్పే గుర్తు.

"హిమా? వినపడుతోందా? ఎక్కడుందట?"

"అమ్మా" అంది హిమశ్రీ. "నువ్వు వచ్చిన వాళ్లందరినీ ఒకటి అడుగుతుంటావు కదా."

అవతల వంటింట్లో కుక్కరు కూత వేసింది, మళ్లీ వేసింది. ఉషాదేవి వెళ్లి పొయ్యి కట్టేయలేదు.